35 ఏళ్ల స్కోరర్‌ను ఉంచాలా, తీయాలా: ఒక జిల్లా జట్టు కేస్ స్టడీ

నేపథ్యం

ఇది దక్షిణ తెలంగాణలోని ఒక జిల్లా సీనియర్ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు సంగతి. ఊరు, టోర్నమెంట్లు, సంవత్సరాలు తీసేశాం. ఆటగాణ్ణి గుర్తుపట్టే వివరాలు మార్చాం కానీ లెక్కల తీరు మార్చలేదు. పాలమూరు, నల్లగొండ వైపు జిల్లా జట్లు ఎలా నడుస్తాయో తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించకపోవచ్చు: సిమెంట్ కోర్టు, సాయంత్రం ప్రాక్టీసు, ఎండాకాలంలో లీగ్ కమ్ నాకౌట్, ఒకే రోజు రెండేసి మ్యాచులు.

ఆటగాడు వింగ్‌లో, అంటే కోర్టు పక్కల నుంచి ఆడతాడు. ఏళ్ల తరబడి జట్టులో టాప్ స్కోరర్ ఆయనే. ఎస్సెస్సీ మెమో ప్రకారం వయసు 33, అసలు వయసు 35. బడిలో చేర్పించేటప్పుడు సారు రాసిందే పుట్టినరోజైన తరం కాబట్టి ఈ రెండేళ్ల తేడా ఎవరికీ వింతగా అనిపించలేదు. లెక్కకు మాత్రం అసలు వయసే తీసుకున్నాం, ఎందుకంటే కండరానికి మెమోతో పని లేదు.

సమస్య

అంతకుముందు సీజన్‌లో 11 మ్యాచుల్లో 200 పాయింట్లు, అంటే మ్యాచ్‌కు 18.2. గడిచిన సీజన్‌లో 9 మ్యాచుల్లో 118, అంటే 13.1. సెలక్షన్ ముందు కమిటీ రెండుగా చీలింది. ఒక వర్గం మాట: "ముప్పై అయిదు దాటినంక ఇంకేం ఆడ్తడు, పిల్లగాండ్లకు చాన్సియ్యాలె." రెండో వర్గం ఒక చార్టు తెచ్చింది. ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఆటగాళ్లను వయసు వారీగా విడదీసి, మ్యాచ్‌కు కనీసం 20 నిమిషాలు ఆడినవాళ్ల సగటు పాయింట్లతో ఎవరో విద్యార్థి గీసిన గ్రాఫ్ అది. 35 దాటాక గీత కిందికి దిగలేదు, పైగా కాస్త ఎక్కింది. "లెబ్రాన్‌ను చూడుండ్రి" అని వాదన. లెబ్రాన్ జేమ్స్ 2022-23లో 38 ఏళ్లకు మ్యాచ్‌కు 28.9 పాయింట్లు కొట్టిన మాట నిజమే.

లెక్కలు చూడమని కమిటీ మమ్మల్ని అడిగింది ఒకటే: ఈ చార్టు నమ్మొచ్చా? జవాబు వెతుకుతూ పోతే అసలు అడగాల్సిన ప్రశ్న వేరని తేలింది.

మొదటి ప్రయత్నం: చార్టును విప్పడం

చార్టులో అంకెలు తప్పు కాదు, లెక్క కట్టిన తీరులో మోసం ఉంది. దాన్ని కమిటీకి అర్థమయ్యేలా చెప్పడానికి ఐదుగురు ఊహాజనిత ఆటగాళ్లను తీసుకున్నాం. 27 ఏళ్లప్పుడు వాళ్ల పాయింట్లు 25, 20, 14, 9, 7. సగటు 15. 36 ఏళ్లు వచ్చేసరికి కింది ముగ్గురూ ఆట మానేశారు, పై ఇద్దరే మిగిలారు. 25 కొట్టినాయన 20కి, 20 కొట్టినాయన 15కి పడిపోయారు. ఇప్పుడు సగటు 17.5. మిగిలిన ఇద్దరూ చెరో 5 పాయింట్లు పోగొట్టుకున్నారు, సగటేమో రెండున్నర పెరిగింది. 38 ఏళ్లకు ఎన్‌బీఏలో 20 నిమిషాలు ఆడనిస్తున్నారంటేనే ఆయన మామూలు మనిషి కాదు. ఆ వయసు సగటు వయసు గురించి ఏమీ చెప్పదు, జల్లెడలో మిగిలింది ఎవరో చెబుతుంది.

ఒక్కో ఆటగాడి గీతను విడిగా చూస్తే కథ మారుతుంది. కరీమ్ అబ్దుల్ జబ్బార్ 1985-86లో 38 ఏళ్లకు 23.4 కొట్టాడు, తర్వాతి మూడు సీజన్లలో వరుసగా 17.5, 14.6, 10.1. విన్స్ కార్టర్ 2000-01లో 27.6, చివరి సీజన్ 2019-20లో 5.0. అలెన్ ఐవర్సన్ 2007-08లో 26.4, మరుసటి ఏడే 17.5. దిగడం అందరికీ ఉంది. ఎప్పుడు, ఎంత ఏటవాలుగా అన్నదే తేడా.

రెండో ప్రయత్నం: వరుస సీజన్ల జతలు

సరైన పద్ధతి, ఒక ఆటగాణ్ణి ఆయనతోనే పోల్చడం. 31లో ఎంత, 32లో ఎంత, ఆ తేడా మాత్రమే తీసుకుని, అలా అందరి తేడాలనూ వయసు వారీగా సగటు కట్టాలి. ఎక్సెల్‌లో చేయొచ్చు: ఆటగాడి ఐడీ, ఆ తర్వాత సీజన్ ప్రకారం సార్ట్ చేసి, పై వరుసలో అదే ఐడీ ఉండి సీజన్ ఒకటే తక్కువైతే తేడా తీయాలి, లేకపోతే ఖాళీ వదలాలి. పేరుతో చేయకూడదు, ఒకే పేరున్నవాళ్లు ఉంటారు.

విద్యార్థి ఫైల్‌లో ఇక్కడ రెండు తప్పులు దొరికాయి. సీజన్ మధ్యలో జట్టు మారిన ఆటగాడికి పట్టికలో ఒక్కో జట్టుకు ఒక వరుస, పైన మొత్తానికి ఒక వరుస ఉంటాయి. 2008-09లో డెన్వర్ నుంచి డెట్రాయిట్‌కు వెళ్లిన ఐవర్సన్‌కు ఇలా మూడు వరుసలు. మొత్తం వరుస ఉంచి మిగతావి తీసేయకపోతే ఒకే మనిషిని మూడుసార్లు లెక్కించినట్టు. రెండోది వయసు. బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్ పట్టికల్లో ఆ సీజన్ ఫిబ్రవరి 1 నాటి వయసు వేస్తారు. మైకేల్ జోర్డాన్ పుట్టింది ఫిబ్రవరి 17న. 2003 ఫిబ్రవరి 21న 40 ఏళ్లు నిండాక 43 పాయింట్లు కొట్టాడు, పట్టికలో ఆ సీజన్ వయసు 39 అనే ఉంటుంది. అన్ని వరుసలకూ అదే నియమం ఉన్నంతవరకు నష్టం లేదు. విద్యార్థి కొందరికి పట్టిక వయసు, కొందరికి తాను లెక్కగట్టిన వయసు కలిపేశాడు, చిక్కంతా అక్కడొచ్చింది.

ప్రతి తేడాకూ సమాన బరువు ఇవ్వకూడదు. ఒక సీజన్‌లో 2400 నిమిషాలు, మరుసటి సీజన్‌లో 600 నిమిషాలు ఆడినవాడి తేడాకు 1500 బరువిస్తే రెండో సీజన్ గాలివాటం అంతా లెక్కలోకి వస్తుంది. రెంటి గుణలబ్ధానికి రెట్టింపును రెంటి మొత్తంతో భాగిస్తే 960 వస్తుంది, అదే వాడాం.

ఆపై కాలం తేడా. ఎన్‌బీఏలో ఒక జట్టు సగటున 2003-04లో మ్యాచ్‌కు 93.4 పాయింట్లు కొడితే, 2022-23లో 114.7 కొట్టింది. ఆటే వేగం పెరిగి, త్రీ పాయింటర్లు (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) పెరిగినప్పుడు పెద్దవయసు ఆటగాడి అంకె కూడా దానితోపాటు తేలుతుంది. తిరగేసి చూస్తే జోర్డాన్ ఉదాహరణ బాగుంటుంది. 1986-87లో 37.1, 1997-98లో 28.7: దాదాపు 23 శాతం పడిపోయినట్టు. కానీ ఆ రెండు సీజన్ల లీగ్ సగటు 109.9, 95.6. లీగ్ సగటు జట్టు స్కోరులో ఆయన వాటాగా చూస్తే 33.8 శాతం నుంచి 30.0 శాతానికి, అంటే పతనం 11 శాతమే. మిగతా సగం వయసు చేసింది కాదు, లీగ్ మొత్తం నెమ్మదించడం వల్ల వచ్చింది. లెబ్రాన్‌కూ ఇదే తూకం వేస్తే, మొదటి సీజన్‌లోని 20.9 వాటాగా 22.4 శాతం, 38 ఏళ్ల నాటి 28.9 వాటాగా 25.2 శాతం. అంకెలో 38 శాతం పెరుగుదల వాటాలో చూస్తే దాదాపు 13 శాతమే.

ఈ పద్ధతితో వచ్చే గీత ఆకారం ఆట తెలిసినవాళ్లు ఊహించేదే: 20ల మొదట్లో గబగబా ఎక్కడం, 20ల నడిమి నుంచి చివరిదాకా చదునుగా నడవడం, 30 దాటాక నెమ్మదిగా, 30ల రెండో సగంలో కాస్త నిటారుగా దిగడం.

ఇదీ పూర్తి నిజం కాదు. జత కుదరాలంటే మరుసటి సీజన్ ఆడి ఉండాలి. బాగా పడిపోయి జట్టులోంచి పోయినవాడికి రెండో అంకె ఉండదు, కాబట్టి అతని పతనం లెక్కలోకే రాదు. అంటే ఈ గీత కూడా దిగుడును తక్కువ చేసి చూపుతుంది. ఇంకోవైపు, 30 ఏళ్లప్పుడు అదిరిపోయే సీజన్ ఆడినవాళ్లను మాత్రమే ఏరుకుని చూస్తే మరుసటి ఏడు దాదాపు అందరూ తగ్గినట్టే కనిపిస్తారు, అందులో కొంత అదృష్టం వెనక్కి పోవడమే.

అన్నీ సరిచేశాక కమిటీ ముందు పెట్టాం. ఒక పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది: "మంచిగున్నది సార్, గని గీ గీతల మనోడు యాడున్నడు?" ఎన్‌బీఏ సగటు గీత మన జిల్లాలో ఒక మనిషి గురించి తీర్పు చెప్పలేదు. రెండు వారాల పని అక్కడ ఆగింది. ఆ గీత నుంచి పనికొచ్చింది ఒక్కటే, ఎక్కడ వెతకాలో చెప్పింది. వయసు పాయింట్లను టోకుగా తీసుకుపోదు. ముందు రింగ్ దగ్గరికి దూసుకెళ్లే ఆట, దానితో ఫౌల్ దొరికినప్పుడు వచ్చే ఫ్రీ త్రోలు తగ్గుతాయి. చేతి షాట్ చాలాకాలం నిలుస్తుంది. లెబ్రాన్ 2007-08లో మ్యాచ్‌కు 10.3 ఫ్రీ త్రోలు వేశాడు, త్రీ పాయింటర్లు 31.5 శాతం పడ్డాయి. 2023-24లో ఫ్రీ త్రోలు 5.7కి తగ్గాయి, త్రీ పాయింటర్లు 41.0 శాతానికి పెరిగాయి.

స్కోర్ షీట్ చెప్పినవి

కాబట్టి మన ఆటగాడి 5 పాయింట్లు ఎక్కడ పోయాయో చూడాలి. చేతిలో ఉన్నవి స్కోర్ షీట్ల కార్బన్ కాపీలు, నాలుగు మ్యాచుల ఫోన్ వీడియోలు. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) స్కోర్ షీట్‌లో పడిన బాల్‌కే లెక్క, మిస్సయిన షాట్ ఎక్కడా ఉండదు. ఎన్ని నిమిషాలు ఆడాడో ఉండదు, కోర్టులోకి దిగాడన్న గుర్తు మాత్రం ఉంటుంది. షూటింగ్ శాతం తీయడం కుదరదని మొదట్లోనే ఒప్పుకోవాలి.

అయినా ఆ కాగితంలో చాలా ఉంది. రన్నింగ్ స్కోర్‌లో ఫీల్డ్ గోల్‌కు, అంటే ఆట నడుస్తుండగా పడిన బాల్‌కు, ఏటవాలు గీత, ఫ్రీ త్రోకు నింపిన చుక్క, త్రీ పాయింటర్‌కు ఆటగాడి నంబర్ చుట్టూ సున్న. ఇంకా విలువైనది సిరా రంగు. మ్యాచ్‌లోని నాలుగు క్వార్టర్లలో మొదటిది, మూడోది ఎర్ర సిరా. రెండు, నాలుగు నీలం. కార్బన్‌లో రంగు రాదు, అందుకని క్వార్టర్ ముగిసినప్పుడు స్కోరు కింద కొట్టే మందపాటి గీతతో విడదీశాం.

ముందు సీజన్‌లో క్వార్టర్ల వారీగా 5.1, 4.3, 5.0, 3.8. గడిచిన సీజన్‌లో 4.8, 2.6, 4.4, 1.3. ఎర్ర క్వార్టర్లు రెండూ కలిపి తగ్గింది 0.9. నీలం క్వార్టర్లు రెండూ కలిపి తగ్గింది 4.2. మొదటి క్వార్టర్‌కు తాజాగా దిగుతాడు, మూడోదానికి ముందు హాఫ్ టైం విశ్రాంతి ఉంటుంది. రెండు, నాలుగు క్వార్టర్లకు ముందు దొరికేది 2 నిమిషాలే. షాట్ పోయి ఉంటే అన్ని క్వార్టర్లలోనూ పోవాలి. పోయింది షాట్ కాదు, కోలుకునే వేగం.

రోజు వారీగా విడదీస్తే అదే మాట ఇంకా గట్టిగా వినిపించింది. 9 మ్యాచుల్లో 4 ఆ రోజు రెండో మ్యాచులు. వాటిలో మొత్తం 36, అంటే 9.0. మిగతా 5 మ్యాచుల్లో 82, అంటే 16.4. ఆటగాణ్ణి అడిగితే ఆయన మాటల్లో: "పొద్దుగాల మంచిగనే ఉంటది సార్. రెండో మ్యాచ్‌ల కాళ్లు నా మాట ఇనయ్."

చుక్కలు లెక్కపెడితే, ఎక్కిన ఫ్రీ త్రోలు 11 మ్యాచుల్లో 51 ఉన్నవి 9 మ్యాచుల్లో 17కి వచ్చాయి. మ్యాచ్‌కు 4.6 నుంచి 1.9. డ్రైవ్ చేయడం, అంటే రింగ్ దగ్గరికి దూసుకెళ్లడం, తగ్గిందని అర్థం, ఇది వయసు ముద్రే.

వీడియోల్లో రెండు సంగతులు దొరికాయి. నాలుగో క్వార్టర్‌లో ఆయన మిస్సయిన 14 జంప్ షాట్లలో 11 రింగ్ ముందు అంచుకే తగిలాయి. బాల్ కుడికో ఎడమకో పోతే చేతిదో మోచేతిదో లోపం. పొట్టిగా పడితే కాళ్లు లేపడం లేదని. రెండోది మేము అనుకోనిది. హోమ్ కోర్టుకు ఆ సీజన్ ముందే కొత్తగా రంగు వేశారు. 2010 నుంచి ఫిబా త్రీ పాయింట్ లైన్ 6.75 మీటర్లకు జరిగినా, ఈ కోర్టులో పాత 6.25 మీటర్ల గీతే అన్నాళ్లూ ఉండిపోయింది. కొత్త తెల్ల గీత లోపల అర మీటరు దూరంలో పాత పసుపు గీత ఇంకా మసకగా కనిపిస్తోంది. మన ఆటగాడు ఏళ్ల అలవాటుతో బొటనవేలు ఆ పసుపు గీతకు ఆనించి షాట్ వేస్తున్నాడు. నాలుగు వీడియోల్లో అలా పడినవి 4, మూడు రావాల్సిన చోట రెండే వచ్చాయి. మ్యాచ్‌కు ఒక పాయింట్ గీత మింగేసింది, వయసు ఖాతాలో రాసుకున్నారు.

అంకెల గట్టితనం కూడా చూడాలి కదా. ఆయన పాయింట్లు మ్యాచ్ మ్యాచ్‌కూ సుమారు 6 అటూ ఇటూ ఊగుతాయి. 9 మ్యాచుల సగటుకు 2, 11 మ్యాచుల సగటుకు 1.8 పాయింట్ల పొరపాటు ఉంటుంది, తేడాకైతే 2.7. తగ్గుదల 5.1. తేడాను నమ్మాలంటే పొరపాటుకు కనీసం రెండు రెట్లు ఉండాలంటారు, ఇది అంత కూడా లేదు. సగటు ఒక్కటే చూసి మనిషిని తీసేయడానికి ఇది చాలదు. క్వార్టర్లు, రెండో మ్యాచులు, పొట్టి షాట్లు, చుక్కలు అన్నీ ఒకే వైపు చూపడం వల్లే నిర్ణయం తీసుకునే ధైర్యం వచ్చింది.

విఫలమైనవి

కాళ్లు అలసిపోతున్నాయి అనగానే జట్టు చేసిన మొదటి పని పరుగులు పెంచడం. ఉన్న ప్రాక్టీసు మీద రోజూ 10 లైన్ స్ప్రింట్లు, సిమెంట్ మీదే. మూడో వారంలో తొడ వెనక కండరం పట్టేసి 12 రోజులు పోయాయి. కోలుకోవడం నెమ్మదించిన ఒంటికి, ఏదీ తీసేయకుండా బరువు మాత్రం కలిపారు. మేమిచ్చిన నోట్‌లో "కాళ్ల అలసట" అని రాశామే తప్ప ఏం తగ్గించాలో రాయలేదు, ఆ తప్పు మాది.

తర్వాత బెంచ్ నుంచి దింపడం. ఆలోచన మంచిదే, ఎన్‌బీఏలో పెద్దవాళ్లను అలా వాడతారు. ఇక్కడ రెండు ప్రాక్టీసు మ్యాచుల్లోనే తేలిపోయింది. వార్మప్ అయ్యాక గడియారం ఆగుతూ సాగే క్వార్టర్ మొత్తం ఇనుప కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు బిగుసుకుపోతున్నాయి, దిగిన మొదటి మూడు నిమిషాలు నడకే. దాంతోపాటు చిన్నవాళ్లు "అన్న లేడు" అని మొదటి ఐదు నిమిషాలు బాల్ పాస్ చేసుకుంటూ గడిపేశారు.

పనిచేసింది

మొదటి ఐదుగురిలోనే ఉంచి, చిన్న విడతల్లో ఆడించడం. మొదటి క్వార్టర్ మొదటి 6 నిమిషాలు, రెండో క్వార్టర్‌లో 2 నిమిషాలు గడిచాక 5 నిమిషాలు, మూడో క్వార్టర్ మొదటి 6, నాలుగో క్వార్టర్ చివరి 5. మొత్తం 22 నిమిషాలు. అంతకుముందు వీడియోల ప్రకారం సుమారు 33 ఆడుతున్నాడు. సబ్‌స్టిట్యూషన్ బాల్ డెడ్ అయి ఆట ఆగినప్పుడే కుదురుతుంది కనుక నిమిషం అటూ ఇటూ అవుతుంది. అందుకే బెంచ్ మీద ఒక కుర్రాడు ఫోన్ స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాడు. కోచ్‌కు స్కోరు తప్ప గడియారం గుర్తుండదు. దిగడానికి 3 నిమిషాల ముందు లేచి బెంచ్ వెనక 8 గుంజీలు, చిన్న గెంతులు.

రెండు మ్యాచులున్న రోజు పొద్దున మ్యాచ్‌లో తేలిక ప్రత్యర్థి అయితే 14 నిమిషాలకే పరిమితం. కమిటీ ఒప్పుకోవడానికి అన్నిటికన్నా కష్టపడింది దీనికే. పొద్దున ఓడితే సాయంత్రం ఉండదు కదా అన్న భయం న్యాయమైనదే, అందుకని స్కోరు తేడా 6 పాయింట్లలోకి వస్తే నియమం రద్దు అని రాసుకున్నాం.

షాట్ల జాగా మార్చాం. కార్నర్‌లో త్రీ పాయింట్ లైన్ 6.60 మీటర్లే, పక్క గీతకు 90 సెంటీమీటర్ల సందు ఉంటుంది. డ్రిబుల్ లేకుండా పట్టి వేసే షాట్లు అక్కడి నుంచి, ఎల్బో (ఫ్రీ త్రో గీత చివరి మూల) నుంచి. వారానికి మూడు రోజులు, డ్రిల్స్ అయిపోయాక, అంటే అలసిన కాళ్లతోనే, 60 షాట్లు. వరుసగా మూడు బాళ్లు ముందు అంచుకు తగిలితే ఆ రోజుకు ఆపేయాలి. ప్రాక్టీసులో పాత పసుపు గీత మీద నల్ల పెయింట్ కొట్టించారు. ఖర్చు ఒక చిన్న డబ్బా. డిఫెన్స్‌లో ప్రత్యర్థి వేగమైన గార్డును ఆయనకు అప్పజెప్పడం మానేశారు.

తర్వాతి సీజన్ 8 మ్యాచుల్లో 116 పాయింట్లు, మ్యాచ్‌కు 14.5. జట్టు సెమీఫైనల్‌లో ఓడింది. ఆడిన నిమిషాల తేడా పోయేలా పాయింట్లను 36 నిమిషాల ఆటకు మారిస్తే, 33 నిమిషాలు ఆడినప్పుడు 14.3 ఉన్నది 23.7కి పెరిగినట్టు కనిపిస్తుంది. ఈ అంకెను కమిటీకి చూపలేదు. చూపితే వెంటనే "మరి 36 నిమిషాలు ఆడియ్యిండ్రి" అంటారు. 22 నిమిషాలే ఆడాడు కాబట్టి వచ్చిన అంకె అది.

14.5 మీద కూడా 2 పాయింట్ల పొరపాటు ఉంది. నాలుగో క్వార్టర్ సగటు 1.3 నుంచి 3.4కి వచ్చింది. ఫ్రీ త్రో చుక్కలు మ్యాచ్‌కు 2.0 దగ్గరే ఆగిపోయాయి. అవి తిరిగి రావు, వస్తాయని ప్లాన్‌లో ఎక్కడా రాయలేదు. ఇప్పుడు స్కోర్ షీట్ రాసే మనిషి పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటోంది: ఎవరు ఎప్పుడు దిగారు, ఎప్పుడు లేచారు, మిస్సయిన ప్రతి షాట్‌కు పొట్టి, పొడుగు, ఎడమ, కుడి అని ఒక గుర్తు. జట్టులో పన్నెండు మందికీ రాస్తున్నారు. మొదటి నెల పేజీల్లో పొట్టి షాట్ గుర్తు అందరికన్నా ఎక్కువ పడింది 35 ఏళ్లాయన వరుసలో కాదు, 24 ఏళ్ల సెంటర్ వరుసలో.